నొక్కకుండానే మెరిసింది

డానియేలు నొక్కలేదు. అయినా లైటు మెరిసింది.

"మొదలువెట్టినవా అన్నా?" సోఫా వెనక నిలబడ్డ రామ్‌చందర్ అడిగాడు.

"ఇంకా లేదు. లైటు గరమైతున్నది," అన్నాడు డానియేలు. అది వేడెక్కాల్సిన లైటు కాదని ఆయనకు తెలుసు. కానీ శాలిబండలో ఇరవై రెండేళ్లుగా ఫోటోలు తీస్తున్న మనిషి, అదెందుకు మెరిసిందో తనకూ తెలియదని ఏ నోటితో చెబుతాడు?

మళ్లీ మెరిసింది. కెమెరా ఆయన మెడలో వేలాడుతోంది. చేతులు రెండూ నడుం మీదున్నాయి.

సోఫాలో పట్టుచీర కట్టుకుని రామ్‌చందర్ తల్లి మాణిక్యమ్మ కూర్చుని ఉంది. ఆవిడకు ఎనభై నిండిన రోజది. చుట్టాలంతా చుట్టూ చేరారు. ఆవిడ కోరిక ఒక్కటే, కళ్లు తెరిచి ఉన్న ఫోటో. పెళ్లినాటి నుంచి ఏ ఫోటోలో చూసినా, ఫ్లాష్ మెరవగానే ఆవిడ కళ్లు మూసుకుపోయాయి.

"రేపు గోడకు వెట్టి దండేసినంక గూడ ముసల్ది నిద్రవోతున్నదనే అంటరు బిడ్డా," అంది ఆవిడ, డానియేలు ఇంట్లో అడుగు పెట్టగానే.

"నా కొత్త లైటు ముందల నీ కండ్లెట్ల మూతవడ్తయో నేను జూస్తనమ్మా. మూతవడ్డయంటే కెమెరా అమ్ముకుంట!" అనేశాడు డానియేలు. నోరు జారడంలో ఆయనకు ఇరవై రెండేళ్ల కన్నా ఎక్కువే అనుభవం ఉంది.

ఇంట్లో తీసే ఫోటోలకు చిన్న లైటు చాలని భార్య సుజన చెప్పింది. అమ్మే దుకాణం వాడు కూడా చెప్పాడు. డానియేలు వింటేనా! చార్మినార్‌ను సైతం వెలిగించేంత పెద్దది, బ్యాటరీతో నడిచేది, వైరన్నదే లేనిది కొన్నాడు. ఈ ఇంటికి రాగానే దాన్ని స్టాండుకెక్కించి అందరికీ పాఠం మొదలుపెట్టాడు. కెమెరా మీదుండే చిన్న డబ్బీ నొక్కితే చాలు, లైటు దూరంగా ఉన్నా మెరుస్తుందన్నాడు. ఆ డబ్బీ మొరాయిస్తే ఇంకోటి తయారుగా ఉందని బ్యాగులోంచి తీసి, అదీ నొక్కి చూపించి సోఫా మీద పడేశాడు. పిల్లలు ఆవులించారు. పెద్దలు ఫోన్లు చూసుకున్నారు. మాణిక్యమ్మ ఒక్కతే శ్రద్ధగా విన్నది.

ఇప్పుడు ఆ లైటే మూడోసారి, నాలుగోసారి తనంతట తాను మెరిసింది. పిల్లలు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"గిదేం లొల్లి అన్నా, దయ్యం గిట్ల వట్టిందా ఏంది?" అన్నాడు రామ్‌చందర్. "పక్కింట్ల ఎంగేజ్‌మెంట్‌కు ప్రేమ్‌రాజ్ వచ్చిండు. పిలువుమంటవా?"

ఆ పేరు వినగానే డానియేలు బుర్ర చురుగ్గా పనిచేసింది. ప్రేమ్‌రాజ్ తన దగ్గరే పని నేర్చుకుని సొంతంగా కెమెరా పట్టినవాడు. వాడిదీ ఇదే కంపెనీ లైటు. రెండూ ఒకే ఛానెల్‌లో ఉన్నాయంటే, వాడక్కడ నొక్కినప్పుడల్లా ఇక్కడ మెరుస్తుంది!

"దొరికిండు దొంగ!" అంటూ పక్కింటికి పరుగెత్తాడు.

ప్రేమ్‌రాజ్ బంతిలో కూర్చుని బగారన్నం తింటున్నాడు.

"ఏమ్రా, ఛానెల్ మార్చుకునుడు రాదా? నువ్వీడ నొక్కుతుంటే ఆడ నా లైటు మెరుస్తున్నది!"

"నేనేం నొక్కుతున్ననన్నా? అన్నం తింటున్న. నా లైటింకా బ్యాగులనే ఉన్నది."

"నాకే కత చెప్తున్నవా? నీకు లైటు వెట్టుడు నేర్పిందెవలు?"

"నువ్వేనన్నా."

"మరి?"

ప్రేమ్‌రాజ్ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "పోనీ నువ్వే మార్చుకోరాదన్నా. నిమిషం పని గదా," అన్నాడు. ఆ నిమిషం పనికి ఇంత దూరం ఎందుకు పరుగెత్తుకొచ్చాడో డానియేలుకూ అర్థం కాలేదు.

తిరిగొచ్చి లైటునూ, కెమెరా మీది డబ్బీనీ ఒకటో ఛానెల్ నుంచి ఏడుకు మార్చాడు. చెయ్యి కడుక్కుని ప్రేమ్‌రాజ్ కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అందరూ లైటు వైపే చూస్తున్నారు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. మెరవలేదు.

"సూసినవా?" అన్నాడు డానియేలు.

ప్రేమ్‌రాజ్ తల గోక్కున్నాడు. "మాఫ్ చెయ్యన్నా. ఎట్లయిందో ఏమో."

"లైటు సచ్చిపోయిందా బిడ్డా?" మాణిక్యమ్మ దిగులుగా అడిగింది.

"లేదమ్మా, ఇప్పుడే నా మాట వింటున్నది. ఇటు సూడు."

మాటైతే గట్టిగానే అన్నాడు గానీ ఇందాకటి పందెం గుర్తొచ్చింది. ఆవిడ కళ్లు మూసిందంటే, తన శిష్యుడి ముందే కెమెరా అమ్ముకోవాలి. దేవుణ్ణి తలుచుకుని నొక్కాడు. గదంతా తెల్లబడింది. భయం భయంగా కెమెరా వెనక్కి తిప్పి చూసుకున్నాడు.

మాణిక్యమ్మ రెండు కళ్లూ తెరిచి నిండుగా నవ్వుతోంది.

"ఇన్నేండ్లకు ఫోటోల మా అమ్మ కండ్లు కనవడ్డయన్నా!" రామ్‌చందర్ కళ్లు తుడుచుకున్నాడు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. డానియేలుకు కూడా ఏడుపు వచ్చినంత పనైంది. అయినా తమాయించుకుని ప్రేమ్‌రాజ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"లైటు కొనంగనే సరిపోదురా. దాన్ని చెప్పుచేతల్ల వెట్టుకోవాలె. గది అనుభవమంటే!"

"బిడ్డా, ఇట్ల రా," అని పిలిచింది మాణిక్యమ్మ. కొంగు చాటు నుంచి పిడికిలి తీసి ఆయన ముందు తెరిచింది. అరచేతిలో సోఫా మీద పడేసిన రెండో డబ్బీ ఉంది.

"ఇగో, నీ సామాను. అప్పటిసంది దీన్ని నొక్కి నొక్కి మెరుపుకు కండ్లు అలవాటు జేసుకున్న. మంచిగనే పనిజేసింది గని, నువ్వు పక్కింటికి వోయొచ్చినంకనే ఖరాబైంది, బాగు చేపిచ్చుకో!"