ఎడమ పెట్టెలో గరగర

"ఆ పెట్టె మీద చెయ్యెయ్యొద్దు."

బలరామ్ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. అగస్టిన్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెళ్ళయ్యాక బారిడీహ్‌లోని అత్తవారింటికి అతను రావడం ఇదే మొదటిసారి. మామగారు అతనితో అన్న మొదటి మాటా అదే.

"ముందు వినండి బాబూ," అంటూ సూరమ్మ భజన పెట్టింది. టీవీకి అటూ ఇటూ నేలమీద నిలబెట్టిన రెండు స్పీకర్లూ పాడసాగాయి. వేణువు బాగానే వినిపించింది. మృదంగం అందుకోగానే గరగరమని చప్పుడు. "అదిగో! రోజూ పొద్దున్న దేవుడి పాట పెడితే ఇదే గోల."

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"మీ పెళ్ళైన కాడ్నించే."

అగస్టిన్ వెనకే నిలబడ్డ కూతురు హిమబిందు తల దించుకుంది.

ఆ పెళ్ళికి తాను రానన్నాడు బలరామ్. చర్చి గడప తొక్కనన్నాడు, ఆ కుర్రాడి మొహం చూడనన్నాడు. "రాకపోతే పోనీ, లింకు పంపుతాను, టీవీలోనైనా చూడు నాన్నా," అని కూతురు బతిమాలితే, ఆ రోజు టీవీ ముట్టుకోనని చెప్పాడు. సూరమ్మ తన తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్ళింది. చర్చిలో అందరూ పూలరేకులు చల్లారు, పాటలు పాడారు. పెళ్ళికూతురు మాత్రం మాటిమాటికీ గుమ్మం వైపు చూసింది. తండ్రి దీవెన లేకుండానే పెళ్ళయిపోయింది. సాయంత్రం సూరమ్మ ఇంటికొచ్చేసరికి భర్త ఇదే కుర్చీలో ఉన్నాడు. ఏం చేశారని అడిగితే, పొద్దున్నంతా పూజలో ఉన్నానన్నాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో కూతురి పేరు వినిపించలేదు. దీపం పెట్టినప్పుడల్లా సూరమ్మ దేవుణ్ణి అడిగేది: ఎవరు ఏ పేరుతో పిలిచినా నువ్వు పలుకుతావు కదా స్వామీ, మరి నీకు లేని పట్టింపు ఈ మనిషికెందుకు? దేవుడు ఏమీ చెప్పలేదు. స్పీకరు మాత్రం గరగరలాడుతూనే ఉంది. అల్లుడు బడిలో మాస్టరే అయినా చర్చిలో మైకులూ స్పీకర్లూ అతనే చూసుకుంటాడని ఆమెకు గుర్తొచ్చింది. పిలవడానికి సాకు దొరికింది.

"పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేత్తానన్నాను కదా," అన్నాడు బలరామ్.

"ఇచ్చేత్తారు! ప్లాంటులో బేరింగు చప్పుడు విని జబ్బు చెప్పిన మనిషి, ఇంట్లో ఇంత గోలవుతుంటే పలకరు. ఏటైంది మీకు?"

"చెవులు పోయాయి."

"నాను గొణిగితే మాత్రం వినపడతాది!"

అగస్టిన్‌కు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"నాన్నా, దేఖ్‌నే దో న, ఒక్కసారి చూడనీ," అంది హిమబిందు.

బలరామ్ ఆమె వైపు చూడకుండా గోడకు చెప్పాడు. "బడిలో పిల్లల్ని చూసుకోమను మాస్టార్ని."

"ఒక్కసారి చూత్తాను మావయ్యా. ఏదీ విప్పను."

అగస్టిన్ మొదట టీవీని పట్టుకుని చూశాడు. పైన గోడకున్న దేవుడి పటాలను అదిమి చూశాడు. చప్పుడు ఆగలేదు. రెండు స్పీకర్ల వైర్లూ అటుదిటు మార్చాడు. గరగర ఎడమ పెట్టెను వదల్లేదు.

"యాంప్లిఫయరు బాగానే ఉంది. జబ్బు ఈ పెట్టెలోనే."

"స్పీకరు మీది కాగితం కోను చిరిగిందేమో వేలెట్టి చూడు," అన్నాడు బలరామ్. అనేశాక నాలుక్కరుచుకున్నాడు.

సూరమ్మ గుండె ఒక్కసారి గంతేసింది. అల్లుడికి భర్త చెప్పిన మొదటి సలహా అది.

"చిరగలేదు మావయ్యా. స్క్రూలు కూడా బిగువుగానే ఉన్నాయి."

"అయితే ఒగ్గెయ్. టీ తాగి వెళ్ళండి."

వెళ్ళండి అన్నాడని సూరమ్మ బాధపడలేదు. టీ తాగమన్నాడు కదా అనుకుని, పాట ఆపి వంటింటి వైపు కదిలింది.

అగస్టిన్ ఇంకా వంగి చూస్తూనే ఉన్నాడు. పెట్టె ముందు వైపు, కుర్చీకి ఎదురుగా, గాలి కోసం పెట్టిన గుండ్రటి కన్నం ఉంది. పెట్టెను కొంచెం ఊపాడు. లోపల ఏదో జరజరా జారింది.

"ఈ కన్నంలోంచి లోపల ఏటో పడింది మావయ్యా. వంచితే వచ్చేత్తాది."

బలరామ్ దిగ్గున లేచాడు. "వంచొద్దు! అరే, ఛోడ్ దో భాయ్! ఎలకలు ఏదో తెచ్చి పడేసుంటాయి. గలీజు."

"ఎలకలా? నా ఇంట్లోనా?" వంటింటి గుమ్మంలోంచి సూరమ్మ వెనక్కి తిరిగింది. ఆ మాట ఆమె పడలేకపోయింది. పాత పేపరు తెచ్చి నేలమీద పరిచింది. "వంచు బాబూ. ఏ ఎలకో నానూ చూత్తాను."

అగస్టిన్ మామగారి వైపు చూశాడు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. వద్దని మళ్ళీ అనలేదు.

"అటు పట్టు బిందూ."

ఇద్దరూ కలిసి పెట్టెను మెల్లగా ముందుకు వంచారు. కన్నంలోంచి జరజరా రాలి కాగితం నిండా పడ్డాయి.

సూరమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ఆమె చూపు కాగితం మీంచి టీవీ మీదికి, అక్కణ్ణుంచి ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ మీదికి వెళ్ళింది. హిమబిందు మోకాళ్ళ మీద కూర్చుని వాటిని దోసిట్లోకి ఎత్తుకుంది.

"నాన్నా..."

కిటికీ దగ్గర మనిషి వెనక్కి తిరగలేదు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆమె దోసిట్లో ఉన్నవి పసుపు అక్షతలు.