మచ్చ లేని మొక్కలు

నిమ్మతోటలో ఎవరో ఆకులు కోస్తున్నారు.

పరంధామయ్య వీపున మందు డబ్బాతోనే పరుగెత్తాడు.

ఎవరో పెద్దాయన. నెరిసిన గడ్డం. చెప్పులు కంచె బయటే ఉన్నాయి. కాళ్లు తడిగా ఉన్నాయి. చేతిలో కాగితం పొట్లం.

"ఎవురు పెద్దాయనా నువ్వు? ఎవుర్ని అడిగి వచ్చినావు?"

"మచ్చలుండే ఆకులు ఐదు కావాలప్పా. తిరుపతిలో పరీక్ష చేపిస్తా."

"దళారి పంపినాడా? గజ్జి తోటని చాటించి నా కాయల రేటు తెగ్గొట్టేదానికి?"

"కాదప్పా. ఈ గజ్జి తెగులు తుత్తం మందుకు సావడం లేదు. అలవాటు పడిపోయినట్టుండాది."

పరంధామయ్యకు ఒళ్లు మండింది.

ఈ నెలలో మైలుతుత్తం, సున్నం కలిపి నాలుగుసార్లు కొట్టాడు. కొట్టిన వారానికే ఆకు మీద, కాయ మీద కొత్త మచ్చ. కూర్చోలేడు, పడుకోలేడు. చెట్టు చెట్టుకూ తిరుగుతాడు. నాలుగు రోజుల్లో వానని సెల్లులో చూశాడు. వాన పడితే గజ్జి తోటంతా పాకుతుంది. అందుకే ఈ ఐదోసారి.

"మందు ఆపు. వాన రాకముందే మచ్చలుండే కొమ్మలు కత్తిరించి కాల్చెయ్" అన్నాడు పెద్దాయన. "సగం కాపు పోతాది. చెట్లు మిగుల్తాయి."

"కాయలుండే కొమ్మలు కొట్టెయ్యాల్నా? మా నాయన కాలం నుంచి తుత్తమే కొడతా ఉండాం. నువ్వేమన్నా సైంటిస్టువా?"

"కాదు."

భార్య చంద్రకాంతమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది.

"ఆకులే గదా అడిగినాడు, ఇచ్చి పంపరాదా? తుత్తం కొట్టీ కొట్టీ నీ చొక్కా నీలం, నా చీర నీలం. గజ్జి మాత్రం అట్లే ఉండాది."

"నువ్వుండవే! మీ తమ్ముడు పలమనేరు నర్సరీ నుంచి ఈ మొక్కలు లారీలో తెచ్చిన నాడు సూసినావు గదా? ఒక్క ఆకు మీదన్నా మచ్చ ఉన్నిందా? వాటిని పెంచినాయన మొగం నేను సూడలే. కనపడితే కాళ్లకు మొక్కుతా. చెయ్యంటే ఆయనది. ఇట్లాంటోళ్లు కాలు పెడితేనే తోట పాడయ్యేది."

పెద్దాయన తల దించుకున్నాడు.

పరంధామయ్య పొట్లం లాక్కుని నేలకేసి తొక్కాడు.

పెద్దాయన కంచె దగ్గర సబ్బుతో కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"కొమ్మలు కత్తిరించప్పా" అన్నాడు మళ్లీ. వెళ్లిపోయాడు.

సాయంత్రానికి చెట్లన్నీ నీలం అయ్యాయి.

మర్నాడు పరంధామయ్య కత్తెర తీశాడు. కాయల గుత్తులు చూశాడు. కత్తెర లోపల పెట్టేశాడు. మళ్లీ తీశాడు. మళ్లీ పెట్టేశాడు.

నాలుగోనాడు వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు.

నెల తిరిగేసరికి తోటలో మచ్చ లేని చెట్టు లేదు.

ఈసారి ఆకులు తనే కోసుకుని తిరుపతి వెళ్లాడు. పరీక్ష చేసే ధరణి అనే అమ్మాయి వారం తర్వాత రమ్మంది. వెళ్తే రెండు గాజు గిన్నెలు ముందు పెట్టింది.

"నీ ఆకుల్లోని గజ్జి క్రిమిని రెండిట్లోనూ పెంచినామన్నా. ఈ తెల్లది మామూలుది. ఈ నీలం దాంట్లో తుత్తం కలిపినాం. దీంట్లో బతకగూడదు."

రెండు గిన్నెల్లోనూ ఒకే రకంగా పసుపుపచ్చ చుక్కలు.

"పోయిన నెలే తెచ్చింటే కొమ్మలతో పోయుండేది. ఇప్పుడు చెట్లే తీసెయ్యాల."

పరంధామయ్య నీలం గిన్నె పక్కకు జరిపాడు.

"ఒక పెద్దాయన వచ్చినాడమ్మా. గడ్డం. ఆకులు నేనే లాక్కున్నా."

"చెప్పులు బయట విడిచి కాళ్లు కడుక్కునే ఆయనేనా? మునస్వామి తాత! నలభై తోటల ఆకులు తెచ్చిచ్చినాడు. అన్నీ బస్సులో తిరిగే."

"మీ ఆఫీసాయనా?"

"కాదన్నా."

ధరణి నీలం గిన్నెకు మూత పెట్టింది.

"మచ్చ లేని మొక్కయితేనే జనం కొంటారని, ఒక నర్సరీలో వారం వారం తుత్తం కొట్టినారు. గజ్జి ఆడనే ఆ మందుకు అలవాటు పడింది. మొక్కలతో పాటు మీ తోటలకొచ్చింది."

"ఏ నర్సరీ అమ్మా?"

"పలమనేరులో మునస్వామి తాతదే, సంగతి తెలిసిన నాడే మొక్కలన్నీ కాల్చేసి, కొన్నోళ్ల తోటలు ఒక్కొక్కటే వెతుక్కుంటా తిరగతా ఉండాడు."