శుక్రవారం తెల్లబట్టలు

ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కొచ్చి నడివీధిలో వేసుకుని కూర్చున్నాడు జిల్వాన్.

ఒంటిమీద ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీ. మైదానంలోకి రావద్దని చెప్పి మూడు వారాలైంది. అయినా జెర్సీ మాత్రం విప్పలేదు.

"ఎండ మాడ్చేస్తోంది, లోపలికి రారా!" అంది తల్లి నాయిర్ గుమ్మంలోంచి.

"తప్పు చేసినవాడు దాక్కుంటాడమ్మా. నాకేం ఖర్మ? చూడనీ, సాల్వడోర్ ఊరంతా వచ్చి చూడనీ!"

అతని మూత్రపరీక్షలో దొరికింది ఒంట్లో నీరు తోడేసే మందు. రక్తపోటున్న ముసలాళ్ళు మింగేది. దొంగమందుల జాడ చెరిపేయడానికి ఆటగాళ్ళు వాడతారని దానిమీద నిషేధం. దాని పేరు కూడా జిల్వాన్ ఆ పరీక్ష కాగితంలోనే మొదటిసారి చదివాడు.

అతను మింగిందల్లా పిక్కలు పట్టెయ్యకుండా క్లబ్బు డాక్టరు రాసిచ్చిన బలం గొట్టం మాత్రలు. చీటీ చూసి ఎవరి మందు వాళ్ళకి కలిపి, సీసాకి పేరంటించి ఇచ్చే దుకాణం వాళ్ళు కట్టినవి. ఆ దుకాణం పేరే క్లబ్బు జెర్సీ మీద కూడా ఉంది.

సీసా ఎప్పుడో ఖాళీ అయింది. లాయరు ఇవోనె వెళ్ళి నిలదీస్తే యజమాని రిజిస్టరు తెరిచి చూపించాడు. ఎక్కడా మచ్చ లేదు.

ఆ మధ్యాహ్నం ఇవోనె ఫోన్ చేసింది.

"సోమవారం విచారణ. వాడానని ఒప్పుకుని సంతకం పెట్టు, ఏడాదితో వదిలేస్తారు. మొండికేస్తే రెండేళ్ళు."

"చెయ్యని పనికి సంతకమా? చెయ్యి నరుక్కుంటాను."

"నీకు ముప్పై రెండు నిండాయి జిల్వాన్. రెండేళ్ళయ్యాక నిన్నెవడు ఆడమంటాడు?"

"ఎవడూ అనకపోతే మానె! దొంగ అనిపించుకుని మాత్రం ఆడను."

ఫోన్ పెట్టేశాడు.

వీధి వీధంతా అతన్ని బాగుచెయ్యడానికి వరసకట్టింది. ఒకాయన సముద్రపు ఉప్పు తెచ్చాడు. ఒకావిడ మణికట్టుకి రిబ్బను కట్టిపోయింది. పాస్టరు నుదుటికి నూనె రాశాడు. ప్రార్థనలు రాసిచ్చిన కాగితాలతో జేబు ఉబ్బిపోయింది. పాపం, అందరిదీ మంచి మనసే. కానీ ఒక్కళ్ళూ "నువ్వు వాడలేదు కదూ" అని అడగలేదు. అదీ అతని మంట.

అప్పుడొచ్చిందావిడ.

యాభై దాటి ఉంటాయి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, జుట్టుకి బిగించి కట్టిన తెల్లగుడ్డ. శుక్రవారం కదా, ఒషాలా దేవుడి పేరున సగం ఊరు తెల్లబట్టల్లోనే తిరుగుతుంది.

"అదిగో, ఇంకో దిష్టి తీసే అత్త!" అన్నాడు ఎదురింటి మంగలి బీరా.

ఆవిడ అతన్ని పట్టించుకోలేదు. "జిల్వాన్ నువ్వేగా నాయనా? ఒక్క మాట. లోపల కూర్చుని మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పండి. నాకేం దాపరికాల్లేవు."

ఆవిడ జెర్సీ వంక చూసింది. చుట్టూ మూగిన జనం వంక చూసింది.

"ఇక్కడ కుదరదు."

"అయితే అసలొద్దు."

"నీ మంచికే చెబుతున్నా..."

"పొద్దుట్నించి పదిమంది చెప్పారామాట."

"ఆ పదిమందీ నేనూ ఒకటి కాదు. కాస్త నోరాపి చెవి ఇటివ్వు!"

"దిష్టి స్నానానికి ఆకులు తేవడం మరిచిపోయావా అత్తా?" అన్నాడు బీరా. అందరూ ఘొల్లుమన్నారు.

ఆవిడ మొహం ఎర్రబడింది. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి జిల్వాన్ చేతిలో కుక్కింది.

"పోనీ, నేను వెళ్ళాక చదువుకో. జాగ్రత్త, ఇదొక్కటే ఉంది."

జిల్వాన్‌కి ఒళ్ళు మండింది. దిగ్గున లేచాడు.

"తప్పు చేస్తే కదండీ దేవుళ్ళు క్షమించేది! నేను ఏ తప్పూ చెయ్యలేదు. అందరూ వినండి! నాకెవరి ప్రార్థనలూ అక్కర్లేదు!"

కాగితాన్ని రెండు చేశాడు, నాలుగు చేశాడు, ఎనిమిది చేసి కాలవలోకి విసిరాడు. వీధంతా చప్పట్లు కొట్టింది.

ఆవిడ గబుక్కున వంగింది. ఆ ఏటవాలు వీధిలో కాలవ నీళ్ళు ఆగుతాయా? ఒక్క ముక్కా దొరకలేదు.

"ఎంత పని చేశావు నాయనా," అంది. వెళ్ళిపోయింది.

"కనీసం కాఫీ అయినా ఇవ్వనిచ్చావు కాదు," అని సణిగింది నాయిర్.

సోమవారం పొద్దున విచారణ. కంప్యూటర్ తెరమీద ముగ్గురు పెద్దమనుషులు.

"ఆ మందు మీ ఒంట్లోకి ఎలా వచ్చింది?"

"తెలీదు. నేను వేసుకోలేదు."

"సాక్ష్యం?"

"నేనే."

"పోనీ, ఒప్పుకుని సంతకం పెడితే..."

"పెట్టను. రెండేళ్ళేం ఖర్మ, ఇరవయ్యేళ్ళు రాసుకోండి!"

ఇవోనె తల పట్టుకుంది. వాళ్ళు రెండేళ్ళే రాశారు.

జిల్వాన్ అదే జెర్సీతో నేరుగా మందుల దుకాణానికి పోయి బల్ల మీద గుద్దాడు.

"నా గొట్టాల్లో ఏం కలిపి చచ్చారో చెప్పండి! చెప్పిందాకా కదల్ను!"

యజమాని లోపలి గదిలోంచి బయటికి రాలేదు. బల్ల వెనక పిల్ల ఒకర్తి చుట్టూ చూసి దగ్గరకొచ్చింది. ఆమెవీ అన్నీ తెల్లబట్టలే, జుట్టుకి కూడా తెల్లగుడ్డే. ఆ రోజు శుక్రవారం కాదు.

"అరవకు అన్నా," అంది గుసగుసగా. "శుక్రవారం భోజనాల వేళ ఎవిలాజియా పిన్ని నీ దగ్గరికి రాలేదా? ఆ సాయంత్రమే ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. ఎటెళ్ళిందో ఎవరికీ తెలీదు."

"ఎవరావిడ?"

"ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ మందులు కలిపే మనిషి. యజమాని చించి పారేసిన రిజిస్టరు పేజీ చెత్తబుట్టలోంచి ఏరుకుని, 'బీపీ మందు కలిపిన గిన్నె సరిగ్గా కడక్కుండా అందులోనే జిల్వాన్ గొట్టాలు కలిపాను, తప్పు నాది' అని దానిమీదే రాసి, కింద సంతకం పెట్టి మరీ తెచ్చింది కదన్నా!"