సముద్రం పడని మాస్టారు

"నలభై మంది వాంతులతో మంచం పట్టారు. ఏం పెట్టావయ్యా వీళ్ళకి?" ఓడ డాక్టరమ్మ గొంతు పెంచింది.

వంటాయన టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "నేనూ అదే తిన్నానమ్మా. గుండ్రాయిలా ఉన్నాను."

"కెప్టెన్‌గారు వింటేగా! రేపు రేవులో నిన్ను దింపేస్తానంటున్నారు."

పక్క మంచం మీద సెలైన్ ఎక్కుతున్న లెక్కల మాస్టారు గోడవైపు తిరిగారు. ఓడెక్కే ముందు ఇచ్చిన కాగితంలో 'వాంతులు ఉన్నాయా?' అన్నచోట ఆయన 'లేవు' అని రాశారు. ఉన్నాయంటే ఎక్కనివ్వరు. మంచు దీవులు చూడాలన్నది ఇరవై ఏళ్ళ ఆశ.

"పాపం, మాస్టారికైతే ఎక్కిన రోజే సముద్రం పడలేదు," అన్నాడు వంటాయన. "నేనే గంజి కాచి ఇచ్చాను."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఎక్కిన రోజా? ఆ రోజు ఓడ రేవులోనే ఉందిగా! మర్నాడు కదా కదిలింది?"

మాస్టారు ఇటు తిరిగారు. ఆయన ముఖం చూడగానే వంటాయనకు సంగతి అర్థమైంది.

"అబ్బే, మర్నాడేనమ్మా. పొయ్యి దగ్గర ఉండేవాణ్ణి, నాకు రోజులేం గుర్తుంటాయి?" అన్నాడు గబగబా.

ఉద్యోగం ఊడుతుందని తెలిసీ అతనలా అనేసరికి మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"అతనికి సరిగ్గానే గుర్తుందమ్మా," అన్నారు, లేవబోతూ. "ఈ రోగాన్ని ఒడ్డు నుంచి మోసుకొచ్చింది నేను. కాగితం మీద అబద్ధం రాశాను."

వంటాయన ఒక్క అంగలో వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగా మాస్టారూ, సూది ఊడొస్తుంది."

మాస్టారు తలెత్తి అతని ముఖంలోకి చూడలేకపోయారు.