మంచె మీదికి బైనాక్యులర్

"జింక ముఖం గుర్తుపట్టి ఏం చేస్తావమ్మా? పేరు పెట్టి పిలుస్తావా?" అన్నాడు ఎల్మర్.

కొట్టులో ఉన్న మరో ఇద్దరు నవ్వారు. ముఖం గుర్తుపట్టేంత తేటగా కనిపించాలని అడిగిన వాండా నవ్వలేదు. బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని, రోడ్డవతల పెట్రోలు బంకు దగ్గర నిలబడ్డ మనిషిని చూస్తూనే ఉంది.

వేట కాలం మొదలవడానికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. విస్కాన్సిన్ ఉత్తరాన ఈ వారంలో పెళ్ళి పెట్టుకున్నా ఎవడూ రాడు. మగవాళ్ళంతా చెట్ల మీద మంచెలు బిగించుకునే పనిలో ఉంటారు. ఎల్మర్ కొట్లో తూటాల పెట్టెలు, నారింజ రంగు కోట్లు పప్పుబెల్లాల్లా అమ్ముడుపోతాయి.

వాండా పెద్ద బైనాక్యులర్ ఒకటి ఎత్తింది. పది రెట్లు పెద్దగా చూపించేది.

అది వద్దన్నాడు ఎల్మర్. గాలి వీస్తే చెట్టు ఊగుతుంది, చెట్టుతో మంచె ఊగుతుంది, మంచెతో మనిషి ఊగుతాడు. పది రెట్లు పెంచితే ఆ ఊపు కూడా పది రెట్లు పెరుగుతుంది. ఎనిమిది చాలు. ముందరి అద్దం మాత్రం వెడల్పుగా ఉండాలి, అప్పుడే మసక వెలుతురులో కూడా తేటగా కనిపిస్తుంది. ఈ పాఠం అతను ఏటా వందమందికైనా చెబుతాడు.

ఒంటి చేత్తో వాడొచ్చా అని అడిగింది వాండా. వాడొచ్చన్నాడు. బరువుగా ఉందని ఇంట్లో వదిలేసి పోతే? అందుకే గుండెల మీద అంటిపెట్టుకుని ఉండే పట్టీ ఉందన్నాడు. చప్పుడవుతుందని తియ్యకపోతే? ఇది చప్పుడు చెయ్యదన్నాడు. చలికి అద్దానికి మంచు పట్టేస్తే? పట్టదన్నాడు.

"నారింజ రంగు కోటు కనిపిస్తుందా, మసకలో?"

"నారింజ రంగు గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. అందుకేగా వేసుకోమనేది!"

ఎల్మర్‌కు కొంచెం విసుగొచ్చింది. ఆమె మొగుడు గ్లెన్ ఇన్నేళ్ళూ బైనాక్యులర్ లేకుండానే వేటాడాడు కదా, ఇప్పుడేమొచ్చిందని అడిగాడు.

"గురి చూసుకునేందుకు తుపాకీ మీదుండే స్కోపే చాలంటాడు. ఎవరైనా వస్తుంటే అందులోంచే చూస్తాడు. ఎవరొస్తున్నారో తెలియాలిగా అంటాడు."

ఎల్మర్ ముఖంలో నవ్వు పోయింది.

"అది చూడటం కాదమ్మా. తూటా ఉన్న తుపాకీని మనిషి మీదికెత్తడం. మా నాన్న చూసుంటే చెయ్యి విరగ్గొట్టేవాడు. ఈ చుట్టుపక్కల సగంమంది వెధవలకి అదే అలవాటు, ఏం చెయ్యను."

"అందుకే కొంటున్నాను," అంది వాండా.

బేరం ఆడకుండా డబ్బిచ్చేసి బయటికొచ్చింది. బండిలో కూర్చోగానే ఫోను మోగింది. అక్క ఐరీన్. ఐరీన్ దులూత్‌లో ఉంటుంది. పోయిన చలికాలం నుంచీ చెల్లెలి కోసం ఓ గది ఊడ్చి ఉంచింది.

"ఇంకా ఎందుకే ఆ కాపురం? పెట్టె సర్దుకుని వచ్చెయ్."

"మొదటిరోజు వేట దాటనీ అక్కా. ఈ ఒక్కటీ చూసి చెప్తాను."

ఆ కాపురంలో మాటలు అడుగంటి చాలా కాలమైంది. గొడవంతా అడవి గురించే. ఇంటి వెనక అడవి వాండాకు తండ్రి ఇచ్చిపోయింది. అమ్మేద్దామంటాడు గ్లెన్. నేను పోయాక అమ్ముకో అంటుంది వాండా. మొదట్లో ఇద్దరూ కేకలు వేసుకునేవారు. తరవాత గ్లెన్ అరవడం మానేశాడు. అతను అరుస్తున్నప్పుడే నయం అనిపించేది వాండాకు.

ఆ సాయంత్రం పెట్టె విప్పి చూసి గ్లెన్ నిజంగానే మురిసిపోయాడు. కిటికీ దగ్గర నిలబడి దూరాన ఉన్నవన్నీ చూశాడు.

"పక్కింటి కుక్క మెడలో బిళ్ళ కూడా కనిపిస్తోంది. ఇంక నువ్వు సూపు పట్టుకొస్తుంటే అందులో ఉప్పు తక్కువైందో లేదో మంచె మీంచే చెప్పేస్తాను."

వాండాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో. గ్లెన్ గురించి ఏడాదిగా మనసులో పెట్టుకు తిరుగుతున్న ఆలోచనకు సిగ్గేసింది కూడా. పట్టీని తనే అతని గుండెల మీద సరిచేసి బిగించింది. ఎవరొచ్చినా దీంతోనే చూస్తావుగా అని అడిగితే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేమిటన్నాడు. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది.

శనివారం మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. మంచు మీద వెలుతురు కళ్ళు చెదిరేట్టు ఉంది. మొదటిరోజు మంచె దగ్గరికి వేడి సూపు పట్టుకెళ్ళడం పెళ్ళయినప్పటినుంచీ ఆమెకు అలవాటు. మూతపాత్రలో చీజ్ సూపు పోసింది. జింక మాంసం సాసేజీ రెండు రొట్టె ముక్కల మధ్య పెట్టి కాగితంలో చుట్టింది. నారింజ రంగు టోపీ, నారింజ రంగు కోటు వేసుకుంది. అది చాలదని పాత నారింజ గుడ్డ ఒకటి భుజాన కప్పుకుంది.

దారంతా ఈల వేసుకుంటూనే నడిచింది. భోజనం వస్తోందని గ్లెన్‌కు అది గుర్తు. పైన్ చెట్ల మలుపు తిరిగితే మంచె కనిపిస్తుంది. ఆ మలుపు దగ్గర ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. నేనే వెర్రిదాన్ని, నేనే వెర్రిదాన్ని అని తనకు తాను చెప్పుకుంది. తను వెర్రిదే అవ్వాలని దేవుణ్ణి కోరుకుంది.

తల ఎత్తి చూస్తే, తను కొనిచ్చిన బైనాక్యులర్ గ్లెన్ గుండెల మీద పట్టీకి కదలకుండా ఉంది, నిరుడు ఇదే మలుపులో ఆగినప్పటిలాగే తుపాకీ ఆమె మీదికే గురిపెట్టి ఉంది.