ఒకే తొట్టిలో

తెగిన వేళ్లు మళ్లీ మొలిపించుకోవడం ఇప్పుడు వింత కాదు. ఏ ఆక్సోలాటిల్ కణాలతో వేలు మొలిచిందో, ఆ నీటిజీవిని బతికినంతకాలం ఇంట్లోనే సాకాలి. అలా సాకుతున్న ఇద్దరు ఒక ఇంటివాళ్లవ్వాలంటే ముందు వాళ్ల ఆక్సోలాటిల్స్ ఒకే తొట్టిలో ఇమడాలి.

వైదేహి తనదాన్ని చలమయ్య మాస్టారింట్లో వదిలి వారమైంది. ఆయన తొట్టిలో మెత్తని ఇసుక పరిచి, నీళ్లు చల్లబరిచి, మధ్యలో వల కట్టారు. ఈ ఉదయం ఆమె వచ్చాక వల తీశారు. గంటలోనే ఆయనది ఆమెదాని కాలివేలు కొరికేసింది.

"మనకిక కుదరదేమో మాస్టారూ," అంది వైదేహి. అలవాటైన ఒంటరితనం మళ్లీ వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

"ఏ లోటూ చెయ్యలేదండీ. రోజూ మీదానికే ముందు పెట్టాను, ఇంటికొచ్చిన అతిథి కదా!"

"మరి మీదానికి?"

"మిగిలితే పెట్టాను."

వైదేహి పకపకా నవ్వింది. "కడుపు మాడ్చితే కరవదా మరి!"

రెండింటికీ ఒకేసారి వానపాములు వేసింది. అవి తిని, ఒకే కుండపెంకు కిందికి దూరాయి. వేలంటారా, మళ్లీ మొలుస్తుంది.

మధ్యాహ్నం మాస్టారు ఎప్పటిలాగే ఆమె ఒక్కదానికే కంచం పెట్టారు. ఆమె ఇంకో కంచం తెచ్చి పక్కనే వేసింది.

"కూర్చోండి. తర్వాత మీరూ కరిచారంటే కష్టం."