పౌడరు డబ్బాలు

బస్సు గతుకులో పడేసరికి వెనక సీటు కింద సంచి పక్కకి ఒరిగింది.

అందులోంచి ఓ పౌడరు డబ్బా దొర్లుకుంటూ వచ్చి వార్తలాయన చెప్పుకి తగిలి ఆగింది.

ఆయనకి అసలు పేరు లేకపోలేదు. కానీ పొద్దున్నే పెట్టిన టీవీ పడుకునేదాకా కట్టెయ్యని మనిషిని వీధిలోవాళ్లు ఇంకేమని పిలుస్తారు? ఇంట్లో ఉప్పు నిండుకున్న సంగతి ఆయనకి తెలియదు గానీ, పక్క దేశం మంత్రిగారికి జలుబు చేసిన సంగతి తెలుసు.

ఇవాళ మాత్రం పని మీదే బయల్దేరాడు. భార్యకి ఆయాసం. ఎప్పుడూ తన మందు తనే తెచ్చుకునే మనిషి, ఇవాళ మెట్లు దిగలేక గుమ్మంలోనే కూలబడిపోయింది.

"షాపులో మధ్యాహ్నానికి వస్తుందన్నారు. ఇంట్లో ఉన్నది అయిపోయింది. దారిలో ఎవరితోనూ రాజకీయాలు పెట్టుకోకండి," అని మరీ చెప్పి పంపింది.

రెండు దేశాల నడుమనున్న పెద్ద సరస్సు ఎండి దుమ్మయిపోయింది. ఎండబెట్టింది మీరంటే మీరని అటూ ఇటూ తిట్టుకున్నారు. సరిహద్దు మూశారు. సరుకులు ఆపారు.

దుమ్ము మాత్రం ఏ సుంకమూ కట్టకుండా దర్జాగా వచ్చి జనం ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.

వార్తలాయన డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. మూత మీద పక్క దేశం అక్షరాలు. చదవడం రాదు గానీ, వాటి మీద ఎర్రగీత కొట్టి టీవీలో రోజూ చూపిస్తూనే ఉన్నారు.

"ఎవరిదయ్యా ఇది?"

"నాదేనండీ. ఇలా ఇచ్చేయండి." వెనక సీటు మనిషి చెయ్యి చాపాడు. నలిగిన చొక్కా, నిద్రలేని కళ్లు. మాట తీరు కొంచెం తేడాగా ఉంది.

"ఓహో! తమరు అటునుంచా?"

ఆ మనిషి ఒరిగిన సంచిని దగ్గరికి లాక్కున్నాడు.

"చూశారా! మన సరుకు వాళ్ల గుమ్మంలో కుళ్లిపోతోంది. వీళ్లు మాత్రం దొంగదారిన పౌడరు తెచ్చి మన మొహాలకి పూస్తారు!"

"పోనివ్వండి బాబాయిగారూ," అంది ముందు సీటావిడ. "మా మొహాలకి దుమ్ము తప్ప ఇంకోటి తగిలి ఎన్నాళ్లయిందో."

"పౌడరు కాదండీ అది..." అనబోయాడు ఆ మనిషి.

"కాదా? మరేం తెచ్చావు?"

నోరు జారినట్టుగా అతను చటుక్కున ఆగిపోయాడు.

"పౌడరు కాదట! విన్నారా? కొంపదీసి బాంబేమో!"

ఆ ఒక్కమాట చాలు. బస్సు బస్సంతా లేచి నిలబడింది. ఒకతను డబ్బా మూత తియ్యబోతే, "ముట్టుకోకు, పేలుతుంది!" అని పదిమంది అరిచారు. డ్రైవరు వంతెన మీద బస్సు ఆపేశాడు.

"నన్నేమైనా చేసుకోండి. సంచి మాత్రం పారెయ్యకండి. మీకు దణ్ణం పెడతాను."

"ప్రాణం పోయినా పర్లేదట, పౌడరు పోకూడదట!" అన్నాడు వార్తలాయన.

అందరూ నవ్వారు.

డబ్బాలు ఒక్కొక్కటే కిటికీలోంచి మురిక్కాలవలోకి వెళ్లాయి. మొదటిది వార్తలాయనే విసిరాడు.

ఆ మనిషి ఆయన దగ్గరికొచ్చి, చెవిలో మెల్లగా ఏదో అడిగాడు. వార్తలాయనకి ఒళ్లు మండిపోయింది. చెక్‌పోస్టులో తనే దగ్గరుండి పోలీసులకి అప్పగించాడు.

మందుల షాపు ముందు బల్ల మీద నలుగురైదుగురు దగ్గుతూ కూర్చుని ఉన్నారు.

"ఇంకా రాలేదండీ," అన్నాడు షాపతను.

"ఎప్పుడొస్తుంది?"

అతను వీధి చివరిదాకా చూశాడు. "ఈపాటికి వచ్చెయ్యాలి మరి."

వ్యాపారస్తుల మాటలింతే అనుకుంటూ వార్తలాయన ఇంటిదారి పట్టాడు. చేతిలో మందు లేకపోయినా కడుపునిండా కబురుంది. అసలే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. చేతులు మోకాళ్ల మీద ఆన్చి, భుజాలెగరేస్తూ గాలి లాక్కుంటోంది.

"మందు?"

"రాలేదట. సాయంత్రం మళ్లీ వెళ్తాలే. నువ్వు మాట్లాడకు, విను. ఇవాళ బస్సులో నేనేం చేశానో తెలుసా?"

చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ, అంతా చెప్పాడు. డ్రైవరు తనకి నమస్కారం పెట్టాడని, జరగనిది కూడా ఒకటి కలిపాడు.

"ఏం... డబ్బాలు?"

"పౌడరువి. పాపం, కాలవలో కప్పలు పూసుకుంటాయిలే."

ఆమె నవ్వలేదు.

"లోపల... ఏముందో... చూశారా?"

"పేలితే ఎవడు చావాలి?"

"ఆ మనిషి... ఏమీ అనలేదా?"

"అనకపోవడమేం? 'మీ ఇంట్లో ఆయాసంతో బాధపడేవాళ్లు ఉన్నారా అండీ' అని నా చెవిలో అడుగుతాడా! ఎంత పొగరు! కాస్త గట్టిగా అరిచి రొప్పుతున్నానని నన్నే వెక్కిరించడం!"

ఆమె కళ్లు మూసుకుంది. మాట కోసం దాచుకున్న గాలి కూడా నోరు తెరవకముందే అయిపోయింది. మళ్లీ కూడదీసుకుంది.

"ఏమయిందే? అలా కళ్లు మూసుకోకు. ఏదో ఒకటి చెప్పు."

"అటు సరుకని... మీరు ఫ్లాస్కు వీధిలోకి విసిరేశారే... ఆ రోజే అనుకున్నా. మందు ఎక్కడినుంచి వస్తోందో... షాపతను నాకు చెప్పింది... మీకు చెప్పకూడదని."

"ఎక్కడినుంచి?"

ఆమె ఆయన చొక్కా అంచు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"ఆయన అక్కడి ఆసుపత్రిలో డాక్టరండీ... పంపడానికి మనిషి దొరక్క... మాలాంటి వాళ్ల కోసం తనే ఆ డబ్బాల్లో మందు దాచి మోసుకొస్తున్నాడు."